లాప్‌టాప్ కొత్తది, కెర్నల్ పాతది: లినక్స్ ఎక్కిస్తే వైఫై ఎందుకు రాదు

పదేళ్ళనాటి లాప్‌టాప్‌ని అటక మీంచి దించి, దుమ్ము దులిపి లినక్స్ ఎక్కిస్తే వైఫై, సౌండు, బ్లూటూత్ అన్నీ మొదటి బూట్‌లోనే వచ్చేస్తాయి. అదే పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి నిన్నగాక మొన్న ఎనభై వేలు పోసి కొన్న లాప్‌టాప్‌కి పెడితే మూలన వైఫై గుర్తే ఉండదు, సౌండ్ సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని ఉంటుంది, మూత మూసి తెరిస్తే స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. వస్తువు పాతదైతే మొరాయిస్తుంది, కొత్తదైతే బాగా నడుస్తుంది అనుకునేవాళ్ళకి ఇదంతా తిరకాసు వ్యవహారంలా అనిపిస్తుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, అప్పుడు పాత మెషీన్ మీద లినక్స్ మింట్ వేసుకుని ఆహా ఏం నడుస్తోంది అని మురిసిపోయినవాళ్ళే తర్వాత కొత్తది కొని దాని మీదా అదే మింట్ వేసి, రెండ్రోజులు తల పట్టుకుని, లినక్స్‌కి హార్డ్‌వేర్ సపోర్ట్ లేదండీ అని తీర్పు చెప్పేసి విండోస్‌కి వెళ్ళిపోతుంటారు.

ఆ తీర్పు సగమే నిజం. చాలా కేసుల్లో సపోర్ట్ లేకపోవడం కాదు జరిగేది, సపోర్ట్ ఉంటుంది గానీ చేతిలో ఉన్న పెన్‌డ్రైవ్ దాకా ఇంకా వచ్చి ఉండదు. ఇది తేదీల గొడవ. చిప్ ఎప్పుడు మార్కెట్‌లోకి వచ్చింది, దాని డ్రైవర్ (చిప్‌ని నడిపే ప్రోగ్రాం) లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఎప్పుడు చేరింది, ఆ కెర్నల్‌ని మనం వాడే డిస్ట్రో (ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ఎప్పుడు తీసుకుంది, ఈ మూడు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో ఇన్‌స్టాల్ చెయ్యకముందే చాలావరకు చెప్పెయ్యొచ్చు.

విండోస్‌లో అన్నీ వచ్చేస్తాయి కదా అంటారు. వస్తాయి, ఎందుకంటే ఫ్యాక్టరీలో కూర్చుని ఒకరు ఆ మోడల్‌కి తగ్గ డ్రైవర్లన్నీ ఎక్కించి పంపారు కాబట్టి. అది చెరిపేసి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దించుకుని మొదట్నుంచి ఎక్కిస్తే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి, ఇంటెల్ లాప్‌టాప్ అయితే కొన్నిసార్లు ఇన్‌స్టాలర్‌లో ఎస్ఎస్‌డీయే కనపడదు, స్టోరేజ్ డ్రైవర్ ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూపించమంటుంది, అది దాటాక నెట్‌వర్క్‌కి కనెక్ట్ అవ్వండి అనే స్క్రీన్ దగ్గర వైఫై లేక ఆగిపోతుంది. అంటే కొత్త హార్డ్‌వేర్ కష్టం విండోస్‌కీ ఉంది, కాకపోతే ఆ కష్టం కొనేవాడి కంట పడకుండా కంపెనీ ముందే పడేసింది. లినక్స్‌కి వచ్చేసరికి ఆ ఫ్యాక్టరీ మనిషి పని కొన్నవాడి నెత్తిన పడుతుంది.

లినక్స్‌లో డ్రైవర్లు విడిగా సీడీలోనో కంపెనీ సైట్లోనో ఉండేవి కావు, మెజారిటీ కెర్నల్ లోపలే ఉంటాయి. కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకోసారి వస్తుంది. అందులో మొదటి రెండు వారాలే కొత్త సరుకు లోపలికి తీసుకునే టైము, దాన్ని మెర్జ్ విండో అంటారు, ఆ తర్వాతంతా తప్పులు దిద్దడమే. చిప్ కంపెనీ వాడి డ్రైవర్ ఆ రెండు వారాల్లో అందకపోతే బస్సు వెళ్ళిపోయినట్టే, ఇంకో రెండు నెలలు ఆగాలి. ఇది మొదటి ఆలస్యం. డిస్ట్రో దగ్గర రెండోది. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ళ తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, అప్పుడు ఏ కెర్నల్ ఉంటే దానికే తాళం వేసేసి సెక్యూరిటీ ఫిక్సులు మాత్రం ఇస్తుంటారు, కొత్త కెర్నల్ కావాలంటే మధ్యలో 22.04.2 లాంటి పేర్లతో వచ్చే తాజా ఐఎస్ఓల దాకా ఆగాలి. డెబియన్ అయితే ఇంకా నెమ్మది.

దీనికి కళ్ళకి కట్టినట్టు కనపడే ఉదాహరణ రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈ అనే వైఫై కార్డు. 2022, 2023లో వచ్చిన బడ్జెట్ లాప్‌టాప్‌లు చాలావాటిలో ఇదే కార్డు, బ్రాండ్ ఏదైనా సరే. దీని డ్రైవర్ కెర్నల్ 6.2లో చేరింది, అది విడుదలైంది 2023 ఫిబ్రవరిలో. ఉబుంటు 22.04 మొదట వచ్చింది 5.15 కెర్నల్‌తో. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 22.04.2లో 5.19 పెట్టారు, అందులోనూ లేదు. ఆగస్టులో 22.04.3 వచ్చాక 6.2 దొరికింది. అంటే 2022 దసరాకి ఆఫర్‌లో లాప్‌టాప్ కొన్నవాడు ఉబుంటు ఎల్‌టీఎస్‌లో మామూలుగా వైఫై చూడాలంటే తర్వాతి శ్రావణమాసం దాకా ఆగాలి. డెబియన్ వాళ్ళది మరీ అన్యాయం, డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, అప్పటికి 6.2 వచ్చేసి నాలుగు నెలలు, కానీ డెబియన్ తీసుకున్నది 6.1. ఒక్క అంకె తేడాతో వైఫై పోయింది. అదే టైంలో ఫెడోరా వాడేవాళ్ళకి కొన్ని వారాల్లోనే మామూలు అప్‌డేట్‌లో వచ్చేసింది, వాళ్ళకి అసలు ఇలాంటి సమస్య ఒకటుందనే తెలీదు చాలామందికి.

మరి మధ్యలో ఆ జనమంతా ఏం చేశారు అంటే, లారీ ఫింగర్ అనే ఆయన గిట్‌హబ్‌లో ఆ డ్రైవర్ని పాత కెర్నళ్ళకి కూడా పనిచేసేలా మార్చి పెట్టారు, దాన్ని దించుకుని కంపైల్ చేసుకునేవాళ్ళు. దశాబ్దాల పాటు లినక్స్ వైఫై డ్రైవర్ల మీద పనిచేసిన మనిషి ఆయన, 2024 జూన్‌లో 84 ఏళ్ళ వయసులో చనిపోయారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న లాప్‌టాప్ ముందు కూర్చుని ఆయన రాసిన కమాండ్లు కాపీ పేస్ట్ చేసి వైఫై తెచ్చుకున్న ఇంజినీరింగ్ కుర్రాళ్ళు ఎంతమందో, ఆ పేరు ఎవరిదని చూసినవాళ్ళు మాత్రం తక్కువే ఉంటారు.

ఆ కంపైల్ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, వైఫై కోసం డ్రైవర్ దించాలి, డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి. కొత్త లాప్‌టాప్‌లలో లాన్ పోర్ట్ కూడా తీసేస్తున్నారు కాబట్టి ఇక్కడ చాలామంది ఆగిపోతారు, కానీ దీనికి మందు జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైర్డ్ నెట్‌వర్క్ అనుకుని వెంటనే పట్టేసుకుంటుంది, ఏ డ్రైవర్ అక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైకే కనెక్ట్ అయి ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చవ్వదు. రెండో చిక్కు ఏంటంటే, అలా బయట నుంచి పెట్టిన డ్రైవర్ ఆ ఒక్క కెర్నల్‌కే పనిచేస్తుంది, వారం తర్వాత అప్‌డేట్‌లో కెర్నల్ మారితే పొద్దున్నే వైఫై మళ్ళీ మాయం. డీకేఎంఎస్ అనేది పెట్టుకుంటే కెర్నల్ మారినప్పుడల్లా అదే మళ్ళీ కంపైల్ చేస్తుంది గానీ, సెక్యూర్ బూట్ (బూట్ టైమ్‌లో సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నమ్మే కాపలా) ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్ని కెర్నల్ లోపలికి రానివ్వదు, దాని సంగతి కింద వస్తుంది.

సరే కెర్నల్ కొత్తది వేశాం, అయినా రాలేదు అంటే? ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. డ్రైవర్ ఒక్కటే సరిపోదు, ఫర్మ్‌వేర్ అని ఇంకో ముక్క ఉంటుంది. వైఫై కార్డు లోపల ఒక చిన్న కంప్యూటర్ ఉందనుకోండి, దానికి సొంత ప్రోగ్రాం కావాలి, ఆ ప్రోగ్రాం కార్డులో శాశ్వతంగా ఉండదు, ప్రతి బూట్‌లో డ్రైవర్ డిస్క్ మీంచి ఆ ఫైల్ తీసి కార్డుకి అందించాలి. ఈ ఫైళ్ళన్నీ కెర్నల్‌లో ఉండవు, లినక్స్ ఫర్మ్‌వేర్ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. కెర్నల్ కొత్తది పెట్టి ఈ ప్యాకేజీ పాతదే వదిలేస్తే డ్రైవర్ లేచి కూర్చుంటుంది, ఫైల్ వెతుక్కుంటుంది, దొరక్క మళ్ళీ పడుకుంటుంది. టెర్మినల్‌లో డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి ఫర్మ్‌వేర్ అనే మాట కోసం వెతికితే ఫలానా ఫైల్ లోడ్ ఫెయిల్ అయ్యింది, ఎర్రర్ మైనస్ 2 అని ఒక లైను కనపడుతుంది. ఆ మైనస్ 2కి అర్థం ఫైల్ లేదు అని, అంతే, ఇంకేం బ్రహ్మపదార్థం కాదు. ఆ లైను కనపడితే నిజానికి సంతోషించాలి, ఎందుకంటే డ్రైవర్ ఉంది, కార్డు బాగానే ఉంది, ఒక ఫైల్ తెచ్చి పెడితే పని అయిపోద్ది. అసలు కార్డు పేరే డీమెసేజ్‌లో ఎక్కడా లేకపోతే అప్పుడు కెర్నల్ పాతదని అనుమానించాలి.

గ్రాఫిక్స్‌కి మూడో ముక్క కూడా ఉంది, మెసా అంటారు, గేములూ బ్రౌజరూ వీడియోలూ దీని మీదుగానే జీపీయూని (గ్రాఫిక్స్ చిప్‌ని) చేరతాయి. కెర్నల్ కొత్తదై మెసా పాతదైతే స్క్రీన్ వస్తుంది, రిజల్యూషన్ సరిగ్గానే ఉంటుంది, కానీ విండో పక్కకి జరిపితే నత్తలా జరుగుతుంది, ఫ్యాన్ గోల పెడుతుంది. పని జీపీయూకి చేరట్లేదు, ప్రాసెసర్ ఒంటి చేత్తో బొమ్మలు గీస్తోంది అన్నమాట. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ ప్రాసెసర్ తీసుకోండి, దాని గ్రాఫిక్స్ ఏ సెట్టింగూ పెట్టకుండా తనంతట తానే ఆన్ అయ్యేలా చేసింది కెర్నల్ 6.12లో, అది ఆ ఏడాది నవంబర్‌లో వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04లో ఉన్నది 6.8. చిప్ పుట్టకముందు తాళం వేసిన కెర్నల్ ఆ చిప్‌ని ఎలా గుర్తుపడుతుంది?

అందుకే కొత్తవాళ్ళకి మింట్ వెయ్యండి అనే పాత సలహా పాత లాప్‌టాప్‌కి బంగారం, కొత్త లాప్‌టాప్‌కి మాత్రం బోర్లా పడుతుంది. సులువైన డిస్ట్రోలు అని పేరున్నవన్నీ నెమ్మదిగా కదిలేవి, కదలకపోవడమే వాటి గొప్ప. ఆరు నెలల లోపు మార్కెట్‌లోకి వచ్చిన మోడల్ అయితే ఫెడోరా గానీ ఉబుంటు మధ్యంతర వెర్షన్ (ఎల్‌టీఎస్‌ల మధ్యలో ఆరు నెలలకోసారి వచ్చేది) గానీ వేసి చూడ్డం మేలు, ఏడాది దాటిన మోడల్ అయితే ఎల్‌టీఎస్ అయినా పర్లేదు, కాకపోతే మొదటి ఐఎస్ఓ కాకుండా తాజాది దించుకోవాలి. 24.04 అనే పేరుతోనే మూడు నాలుగు రకాలున్నాయి మరి, మొదటిదాంట్లో 6.8, 2025 ఫిబ్రవరిలో వచ్చిన 24.04.2లో 6.11, ఆగస్టులో వచ్చిన 24.04.3లో 6.14. ఫ్రెండ్ దగ్గర రెండేళ్ళ కిందటి పెన్‌డ్రైవ్ ఉంది అదే వేసేస్తా అంటే కుదరదు. మింట్ కూడా 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 22.2 నుంచి 6.14తో వస్తోంది, అదే మింట్ 22 మొదటిది 6.8. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ మెనూలోనే కెర్నళ్ళ జాబితా ఉంటుంది, అక్కడ కొత్తది ఎంచుకుని పెట్టుకోవచ్చు, టెర్మినల్ అక్కర్లేదు. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఫైళ్ళు అధికారిక ఐఎస్ఓలోనే పెడుతున్నారు, అంతకుముందు వాటిని విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది, ఆ బాధ తప్పింది.

కొనేముందు చూసుకోగలిగితే అన్నిటికన్నా మంచిది గానీ ఇక్కడొక ఇబ్బంది ఉంది. ఒకే మోడల్ నంబర్‌తో వచ్చే లాప్‌టాప్‌లలో వైఫై కార్డు ఒకటే ఉంటుందన్న గ్యారంటీ లేదు, ఒక బ్యాచ్‌లో ఇంటెల్, ఇంకో బ్యాచ్‌లో మీడియాటెక్, ఇంకోదాంట్లో రియల్‌టెక్ పెట్టేస్తారు, డబ్బా మీద మాత్రం వైఫై 6 అని రాసి ఊరుకుంటారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనో విజయవాడలోనో షాపులో డెమో పీస్ ఉంటే డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద పేరు ఫోటో తీసుకోవడం పది సెకన్ల పని, షాపువాడు పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకపోయినా దీనికి కాదనడు. ఇంటెల్ కార్డు అయితే ఏఎక్స్210, ఏఎక్స్211 అని రెండు పేర్లు కనపడతాయి, ఒక్క అంకె తేడాయే గానీ 211 ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బోర్డులోనే పనిచేస్తుంది, 210 ఏఎండీలోనూ పనిచేస్తుంది. కార్డు మార్చుకుందాం అనుకునేవాళ్ళు ఇది తెలీక 211 తెప్పించుకుని ఏఎండీ లాప్‌టాప్‌లో పెట్టి చచ్చిపోయిన కార్డు పంపాడని అమ్మినవాడిని తిడుతుంటారు. సన్నటి లాప్‌టాప్‌లలో కొన్నిటికి కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ ముచ్చటే లేదు.

ఇక ఇన్‌స్టాల్ రోజు. మొదటి పని పెన్‌డ్రైవ్ కాదు, విండోస్ ఉంచుకునే ఉద్దేశం ఉంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) కీ రాసి పెట్టుకోవడం. విండోస్ 11 24హెచ్2 వచ్చినప్పట్నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన కొత్త లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎవరూ అడక్కుండానే ఆన్ అయిపోతోంది, చాలామందికి తమ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందనే తెలీదు. బయోస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ముట్టుకోగానే విండోస్ నీలం స్క్రీన్ చూపించి 48 అంకెల కీ అడుగుతుంది, అప్పుడు గుండె గుభేల్‌మంటుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది, ముందే తీసి ఫోన్‌లో ఫోటోగానో పుస్తకంలోనో పెట్టుకుంటే సరి.

రెండోది ఎస్ఎస్‌డీ కనపడకపోవడం. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ బయోస్‌లో ఆన్ చేసి పంపుతున్నారు, ఎస్ఎస్‌డీ దాని వెనక దాక్కుంటుంది. కొత్త కెర్నళ్ళు దీన్ని దాటుకుని చూడగలవు గానీ కొన్ని ఇన్‌స్టాలర్లు ఇక్కడే ఆగిపోయి ఆర్ఎస్‌టీ (వీఎండీతో కలిసి పనిచేసే ఇంటెల్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) ఆపెయ్యండి అంటాయి. ఏసర్ లాప్‌టాప్‌లలో ఇంకో వింత, ఆ వీఎండీ ఆప్షన్ బయోస్‌లో మామూలుగా కనపడనే కనపడదు, మెయిన్ ట్యాబ్‌లో ఉండి కంట్రోల్ ఎస్ కొడితే అప్పుడు ప్రత్యక్షమవుతుంది. మంత్రం వేసినట్టు ఉంటుంది, ఎక్కడా రాసి ఉండదు కాబట్టి గంటలు గంటలు వెతికేవాళ్ళున్నారు. అయితే వీఎండీ టక్కున ఆపేస్తే ఉన్న విండోస్ బూట్ అవ్వదు, ఇనాక్సెసబుల్ బూట్ డివైస్ అని పడుతుంది. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్ళనిచ్చి ఆ టిక్ తీసేస్తే విండోస్, లినక్స్ రెండూ బతుకుతాయి.

బీటెక్‌లో చేరగానే మనవాళ్ళు కొనేది ఎక్కువగా ఎన్‌విడియా కార్డున్న గేమింగ్ లాప్‌టాపే, నాలుగేళ్ళు పనికొస్తుంది, కుడా (ఎన్‌విడియా కార్డుల మీద చేసే ప్రోగ్రామింగ్, CUDA) నేర్చుకోవచ్చు, గేములూ ఆడొచ్చు అనే లెక్క. లినక్స్‌కి ఎన్‌విడియాకి పాత వైరం ఉంది, 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్టేజీ మీద కెమెరా వైపు చూసి ఎన్‌విడియాకి మధ్యవేలు చూపించిన వీడియో తెలిసిందే. తర్వాత పదేళ్ళకి, 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నల్ మాడ్యూళ్ళని ఓపెన్ సోర్స్ చేసింది, ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ అయితే ఆ ఓపెన్ మాడ్యూళ్ళే వాడాలి, పాత రకం డ్రైవర్ దానికి పనిచెయ్యదు. డ్రైవర్ పెట్టుకోవడం కూడా ఇప్పుడు కష్టమేం కాదు, ఉబుంటులో ఇన్‌స్టాల్ టైమ్‌లోనే థర్డ్ పార్టీ డ్రైవర్లు అని టిక్ పెడితే చాలు. కొంప మునిగేది ఆ టిక్ కింద అడిగే పాస్‌వర్డ్ దగ్గర.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, ఏదో ఒకటి కొట్టేసి ముందుకెళ్ళిపోతారు. ఇన్‌స్టాల్ అయ్యి రీస్టార్ట్ అవ్వగానే ఒక నీలం స్క్రీన్ వస్తుంది, పాతకాలం డాస్ ప్రోగ్రాంలా ఉంటుంది, ఏదో ఒక కీ నొక్కమంటూ పైన పది నుంచి అంకెలు తగ్గుతుంటాయి. ఇదేదో ఎర్రర్ అనుకుని చూస్తూ కూర్చుంటే పది సెకన్లకి అదే వెళ్ళిపోయి మామూలుగా బూట్ అయిపోద్ది, ఇక ఆ అవకాశం పోయినట్టే. కీ నొక్కితే నాలుగు ఆప్షన్లు, మొదటిది కంటిన్యూ బూట్, అందరి వేలూ దాని మీదకే పోతుంది, కానీ నొక్కాల్సింది రెండోది, ఎన్‌రోల్ మాక్ (Enroll MOK). తర్వాత కంటిన్యూ, యస్, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్, రీబూట్. అంతే, ఈ మెషీన్‌లో ఫలానా తాళంచెవి సంతకం ఉన్న డ్రైవర్లని నమ్ముతాను అని లాప్‌టాప్ యజమాని స్వయంగా కీబోర్డ్ ముందు కూర్చుని ఒప్పుకోవడం ఇది, రిమోట్‌గా ఏ వైరసూ చెయ్యలేని పని కాబట్టే అలా పెట్టారు. స్క్రీన్ మిస్సైనవాళ్ళకి డ్రైవర్ ఉన్నట్టే ఉంటుంది, లోడ్ అవ్వదు, ఎన్‌విడియా ఎస్ఎంఐ (nvidia-smi) కమాండ్ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నా అంటుంది. డ్రైవర్ తీసేసి మళ్ళీ పెట్టినా ఫలితం ఉండదు, మాక్ యుటిల్ (mokutil) కమాండ్‌తో ఆ కీ ఇంపోర్ట్ చేసి ఆ నీలం స్క్రీన్‌ని మళ్ళీ పిలిపించుకోవాలి. సెక్యూర్ బూట్ ఆపేస్తే గొడవే లేదు కదా అంటే నిజమే, ఇంట్లో వాడుకునే మెషీన్‌కి అది పెద్ద పాపమేం కాదు, కాకపోతే విండోస్‌లో కొన్ని ఆన్‌లైన్ గేములు సెక్యూర్ బూట్ లేకపోతే తెరుచుకోవు, డ్యూయల్ బూట్ గేమర్లకి అక్కడ ఇబ్బంది.

వైఫై, గ్రాఫిక్స్ దాటితే మిగతావి చిల్లర సమస్యలే, కానీ చిల్లరే ఎక్కువ విసిగిస్తుంది. డమ్మీ అవుట్‌పుట్ అనేది కొత్త ఇంటెల్ మెషీన్లలో ఎక్కువసార్లు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ఫైళ్ళు లేకపోవడం వల్ల, డెబియన్‌లోనూ ఆర్చ్‌లోనూ దానికి వేరే ప్యాకేజీ ఉంది, పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలావాటికి వచ్చేస్తుంది. కొన్ని ఖరీదైన లాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్ పనిచేస్తుంది, స్పీకర్ మాత్రం మూగ. వాటిలో స్పీకర్ ముందు సిరస్ లాజిక్ సీఎస్35ఎల్41 లాంటి స్మార్ట్ యాంప్లిఫయర్ ఉంటుంది, దాన్ని ఎలా లేపాలో బయోస్‌లో రాసి పెట్టాల్సింది కొన్ని కంపెనీలు రాయలేదు, విండోస్ డ్రైవర్‌లో మాత్రం పెట్టుకున్నాయి. చివరికి కెర్నల్ వాళ్ళు మోడల్ వారీగా ఆ వివరాలు తామే చేర్చుకోవాల్సి వచ్చింది. వేలిముద్ర సెన్సర్ అయితే అదృష్టం మీదే, లిబ్ ఎఫ్‌ప్రింట్ (లినక్స్‌లో ఆ సెన్సర్లని నడిపే సాఫ్ట్‌వేర్) జాబితాలో దాని ఐడీ ఉంటే ఉంది, లేకపోతే పాస్‌వర్డే గతి. వెబ్‌క్యామ్ యూఎస్‌బీ రకమైతే ఏ గొడవా లేదు, ప్రాసెసర్‌లో ఉండే ఇంటెల్ ఐపీయూ6 మీద నడిచే రకమైతే కెర్నల్ 6.10 నుంచే అసలు కెర్నల్‌లోకి రావడం మొదలైంది, అది కూడా కెర్నల్ ఒక్కటే సరిపోదు, లిబ్‌కెమెరా అనే సాఫ్ట్‌వేర్ కూడా కావాలి.

స్లీప్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇందులో లినక్స్‌ని తిట్టడం సగం అన్యాయం. పాత లాప్‌టాప్‌లలో ఎస్3 అని ఉండేది, మూత మూస్తే ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంట్ ఆగిపోయేది. కొత్తవాటిలో చాలావరకు దాన్ని తీసేసి ఫోన్‌లా ఎప్పుడూ సగం మెలకువగా ఉండే పద్ధతి పెట్టారు. ఈ పద్ధతిలో అన్ని చిప్‌లూ కలిసికట్టుగా నిద్రపోతేనే కరెంట్ ఆగుతుంది, ఒక్క ఎస్ఎస్‌డీయో వైఫై కార్డో కునుకు తియ్యకపోతే మిగతావాళ్ళంతా పడుకున్నా ఇంట్లో లైటు వెలుగుతున్నట్టే. బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ కాలేజీకి చేరేసరికి వేడెక్కి బ్యాటరీ సగానికి రావడం అందుకే, విండోస్‌లోనూ ఇదే ఫిర్యాదు ఉంది. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌లో రాసి పూర్తిగా ఆపెయ్యడం) పెట్టుకోవచ్చు గానీ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల కెర్నళ్ళు హైబర్నేట్‌ని ఒప్పుకోవు. బయోస్ అప్‌డేట్ చేస్తే కొన్నిసార్లు బాగుపడుతుంది, దానికి విండోస్ అక్కర్లేదు, ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్‌తో డెల్, లెనోవో, హెచ్‌పీ మోడళ్ళు చాలావాటికి లినక్స్ నుంచే బయోస్ ఎక్కించొచ్చు.

తెలుగు విషయానికొస్తే ఇది హార్డ్‌వేర్ కాదు గానీ మనకి కీబోర్డ్ పనిచెయ్యడం అంటే తెలుగు పడటం కూడా. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ అన్ని డిస్ట్రోల్లోనూ ముందే ఉంటుంది, ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్ళు ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే ఆర్‌టీఎస్ అనే ఆ పద్ధతి వస్తుంది. లోహిత్, నోటో ఫాంట్లు చాలా డిస్ట్రోల్లో దొరుకుతాయి. అసలు చిక్కు డీటీపీ వాళ్ళది, పెళ్ళికార్డులూ కరపత్రాలూ ఇంకా అను ఫాంట్లతో, లినక్స్‌కి రాని పేజ్‌మేకర్‌లో కొట్టే షాపు మెషీన్‌కి లినక్స్ వేస్తే పనే ఆగిపోతుంది, వాళ్ళ జోలికి పోకపోవడం మంచిది.

ఇంత హడావిడి వద్దనుకునేవాళ్ళకి విండోస్ లేకుండా వచ్చే లాప్‌టాప్‌లు ఉన్నాయి కదా, రేటు కూడా తగ్గుతుంది. అందులోనూ తేడా చూసుకోవాలి. ఉబుంటుతో వచ్చేదంటే కంపెనీ ఆ మెషీన్ మీద ఉబుంటు నడిపి చూసింది అని, ఉబుంటు చేసే కంపెనీ కానానికల్ దానికోసం ఓఈఎం కెర్నల్ అని వేరేగా కూడా ఇస్తుంది. ఫ్రీడాస్‌తో వచ్చేదంటే ఓఎస్ ఏదీ లేనట్టే, ఆ కంపెనీ లినక్స్‌లో ఏదీ పరీక్షించి ఉండక్కర్లేదు. డబ్బా మీద రెండూ ఒకేలా కనపడతాయి, షాపులో రెండిటినీ డాస్ లాప్‌టాప్ అనే అంటారు.

అన్నిటికన్నా విచిత్రమైనది కీబోర్డ్ సంగతి. 2022 ప్రాంతంలో వచ్చిన కొన్ని లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా ఏఎండీ రైజెన్ 6000 ఉన్నవాటిలో, కొన్ని ఆసుస్ వివోబుక్‌లలో, లినక్స్ బూట్ అయ్యాక లాప్‌టాప్ సొంత కీబోర్డే పనిచేసేది కాదు, లాగిన్ స్క్రీన్ వస్తుంది, పాస్‌వర్డ్ కొట్టలేరు. కీబోర్డ్ నొక్కినప్పుడు ప్రాసెసర్‌కి వెళ్ళే సిగ్నల్ ఏ పోకడలో ఉంటుందో బయోస్ చెప్పేది ఒకటి, కెర్నల్ దాన్ని సరిచేస్తున్నా అనుకుని మార్చేసేది ఇంకోటి. ఇలా చేస్తే కొన్ని మోడళ్ళు బాగుపడేవి, అలా చేస్తే ఇంకొన్ని పాడయ్యేవి. చివరికి కెర్నల్‌లో ఒక ఫైల్లో మోడళ్ళ పేర్లు వరసగా రాసుకుంటూ పోయారు, ఫలానా పేరున్న బోర్డు అయితే ముట్టుకోకు అని. ఆ జాబితా అప్పట్నుంచి పెరుగుతూనే ఉంది. ఒక మోడల్ పేరు అందులో చేరాలంటే ఆ లాప్‌టాప్ కొన్నవాళ్ళలో ఒకరు యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకుని లాగిన్ అయ్యి, డీఎంఐ డీకోడ్ (dmidecode) కమాండ్ కొట్టి వచ్చిన బోర్డు పేరుని కెర్నల్ బగ్‌జిల్లా అనే ఫిర్యాదుల సైట్లో పెట్టాలి. తర్వాతి వెర్షన్‌లో ఆ ఒక్క లైను వస్తుంది, అప్పటికే విడుదలైన స్టేబుల్ కెర్నళ్ళకీ వెళ్తుంది, ఇంకో రెండు మూడు నెలలకి డిస్ట్రో ఐఎస్ఓలోకి చేరుతుంది. అదే మోడల్ ఆరు నెలల తర్వాత దీపావళి ఆఫర్‌లో కొన్నవాడికి కీబోర్డ్ మొదటి బూట్‌లోనే పనిచేస్తుంది, వాడికి ఇదంతా జరిగిందని కూడా తెలీదు.